తాళం వెనక ఆమె మాట

*మానసిక ఆసుపత్రిలోని మహిళా వార్డుకు ఎప్పుడూ తాళం ఉంటుంది. లోపల వైద్యం ఎలా సాగుతోందో, మనిషిని మనిషిగా చూస్తున్నారో లేదో బయటివాళ్లకు తెలిసే దారేది?*

సెప్టెంబరు చివరి రోజులు. రాత్రి చలి మొదలైంది. నీళ్ల తొట్టి ముందు ఒక యువతిని నిలబెట్టి ఒంటి మీది బట్టలు ఒక్కొక్కటే లాగేస్తున్నారు. వద్దని ఆమె మొత్తుకుంటున్నా ఎవరికీ పట్టలేదు. చన్నీళ్లలో కూర్చోబెట్టి, మరో రోగి చేత ఒళ్లంతా రుద్దించారు. తల మీద నుంచి వరసగా మూడు బకెట్లు గుమ్మరించారు. కళ్లలో, చెవుల్లో, ముక్కులో నీళ్లు. ఊపిరి అందలేదు. వణుకుతున్న ఒళ్లు తుడవకుండానే ఒక పొట్టి గౌను తొడిగారు. దాని మీద పెద్ద పెద్ద నల్ల అక్షరాల్లో పిచ్చాసుపత్రి గుర్తు, హాలు నంబరు ఆరు. తొట్టిలో నీళ్లు మార్చలేదు. తర్వాతి ఆమెనూ అందులోనే దించారు.

అది 1887. న్యూయార్క్ పక్కన ఈస్ట్ నదిలో బ్లాక్‌వెల్స్ దీవి. అక్కడి స్త్రీల పిచ్చాసుపత్రిలో ఆ రాత్రి చన్నీళ్లు పోయించుకున్నది రోగి కాదు, 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక విలేకరి నెల్లీ బ్లై. వయసు 23. మతి తప్పినట్టు నటించి, జడ్జినీ డాక్టర్లనూ నమ్మించి లోపలికి వెళ్లింది. దీవిలో కాలు పెట్టిన క్షణం నుంచి నటన మానేసి ఎప్పటిలాగే మాట్లాడింది, ఎప్పటిలాగే నడుచుకుంది. ఎంత మామూలుగా ఉంటే అంత పిచ్చిదని అనుకున్నారని తర్వాత రాసింది. పది రోజులకు పత్రిక తరఫు లాయరు వచ్చి విడిపించాడు. ఆమె రాసిన కథనాలు నగరాన్ని కుదిపేశాయి.

కబురు అందాక జరిగే తనిఖీ

కథనాల కంటే నన్ను ఎక్కువగా ఆపేసింది ఆ తర్వాత జరిగిన సంగతి. నిజానిజాలు తేల్చడానికి గ్రాండ్ జ్యూరీ దీవికి బయల్దేరింది. బ్లైని కూడా వెంట తీసుకెళ్లింది. కబురు ముందే చేరిపోయింది. ఈసారి ఎక్కిన పడవ కొత్తది, శుభ్రమైనది. వంటగది తళతళలాడుతోంది. ఆమె ఉన్నప్పుడు కూటిలో ఉప్పు కరవు. ఇప్పుడు గుమ్మం పక్కనే రెండు పీపాల ఉప్పు కనబడేలా పెట్టారు. రొట్టె తెల్లగా ఉంది. ఆమె సాక్ష్యంగా పేర్కొన్న రోగుల్లో కొందరు ఆ వార్డుల్లో లేరు. వేరే చోటికి మార్చేశారు.

జ్యూరీ తన మాట నమ్మదేమోనని బ్లై భయపడింది. కానీ నమ్మింది. ఆమె చెప్పిన మార్పులే సిఫార్సు చేసింది. మతిస్థిమితం లేనివారి సంరక్షణకు పది లక్షల డాలర్లు అదనంగా కేటాయించారని ఆమె తన పుస్తకంలో రాసుకుంది.

నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ ఉప్పు పీపాలు ఇంకా అక్కడే ఉన్నాయి. పెద్ద అధికారి వస్తున్నాడంటే వార్డు కడగడం, కొత్త దుప్పట్లు పరవడం, గొడవ చేసే ఆమెకు ముందే మందిచ్చి పడుకోబెట్టడం ఏ దేశంలోనైనా ఆసుపత్రులకు తెలిసిన విద్యే.

ఎర్రగడ్డ తర్వాత

2025 జూన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో రోగులు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. తిన్న తిండి కలుషితమైందని అనుమానం. పదుల మంది అస్వస్థులయ్యారు, ఒకరు చనిపోయారు. నాలుగు రోజులు టీవీలన్నీ అదే చూపించాయి. ఆ తర్వాత మాట మారిపోయింది.

తెలుగువాళ్లకు ఎర్రగడ్డ అంటే తిట్టు. విశాఖలో అయితే వాల్తేరు. నిన్ను అక్కడ చేర్పించాలి అని నవ్వుతూ అనేస్తాం. అక్కడ చేరినవాళ్లు ఏం తింటున్నారో, రాత్రిళ్లు ఎలా పడుకుంటున్నారో అడగడానికి ఒక చావు జరగాల్సి వచ్చింది.

దేశమంతా పరిస్థితి ఇంచుమించు ఇదే. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ మొత్తం 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల స్థితి అమానుషంగా, దయనీయంగా ఉందని తేల్చింది. నయమైనవాళ్లను కూడా చట్టవిరుద్ధంగా ఉంచేసుకుంటున్నారని తప్పుపట్టింది. ఇదే కమిషన్ 1999లో 37 ఆసుపత్రులు తిరిగి చూసి, మానసిక వైద్యంలో నాణ్యత గురించి పెద్ద నివేదిక అచ్చువేసింది. జైళ్లను తలపించే గోడలు, కటకటాల గదుల గురించి అందులో అప్పుడే ఉంది. రెండు నివేదికల మధ్య ఇరవై నాలుగేళ్లు గడిచాయి.

ఆమెకు తాళం ఎందుకు పడుతుంది?

మూసిన వార్డులో ఉండే స్త్రీలంతా ఒక్క రకం కాదు. కాన్పు తర్వాత మనసు చెదిరినవాళ్లు, ఏళ్ల తరబడి స్కిజోఫ్రీనియాతో ఉన్నవాళ్లు, రోడ్డు మీద తిరుగుతుంటే పోలీసులు తెచ్చినవాళ్లు, కోర్టు లేదా జైలు పంపినవాళ్లు. అటువంటి జబ్బే ఉన్న మగవాడికి భార్యో తల్లో క్యారేజీ పట్టుకుని వస్తుంది. ఆడమనిషికి జబ్బు చేస్తే చాలా ఇళ్లలో ఆమె చోటులో ఇంకొకరు వచ్చేస్తారు. చేర్పించినప్పుడు రాయించిన అడ్రసుకు ఉత్తరం వేస్తే ఆ ఇంట్లో ఎవరూ లేరని తిరిగొస్తుంది.

2016లో జాతీయ మహిళా కమిషన్, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ కలిసి దేశంలోని మానసిక ఆసుపత్రుల్లో ఉన్న స్త్రీల స్థితిగతులు చూశాయి. కిక్కిరిసిన వార్డులు, చాటు లేకపోవడం, పారిశుధ్య లోపం, ఇంటివాళ్లు వదిలేయడం అందులో బయటపడ్డాయి. అంతకు రెండేళ్ల ముందు హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మన దేశంలో ఇలాంటి స్త్రీలతో మాట్లాడి ఒక నివేదిక తెచ్చింది. తమను చేర్పించేటప్పుడు తమనెవరూ అడగలేదన్నది వాళ్లు చెప్పిన మాటల్లో ఒకటి.

ఇంకో సంగతి చెప్పకుండా దాటకూడదు. ఈ వార్డుల్లో చాలామంది వెనక దెబ్బలున్నాయి, లైంగిక హింస ఉంది. అలాంటి మనిషిని నలుగురు కలిసి నేల మీద అదిమిపట్టి సూది వేస్తే చేసేవాళ్లకు అది వైద్యమే. ఆమె ఒంటికి మాత్రం వెనకటి రోజే మళ్లీ వచ్చినట్టుంటుంది. మగ వార్డుకు రాసుకున్న నియమాలనే ఆడ వార్డుకూ తగిలించడం ఇందుకే చాలదు.

'గుడ్' అన్న చోటే

తనిఖీల వ్యవస్థ గట్టిగా ఉన్న దేశం చూద్దామంటే ఇంగ్లండ్ గుర్తొస్తుంది. ఎందరో తెలుగు డాక్టర్లు, నర్సులు పనిచేస్తున్న ఆరోగ్య వ్యవస్థ అది. అక్కడ నేరం చేసిన, లేదా తమకో ఇతరులకో ప్రమాదం తెచ్చే రోగులకు 'సెక్యూర్' ఆసుపత్రులుంటాయి. 1863లో తెరిచిన బ్రాడ్‌మూర్‌కు మొట్టమొదట వచ్చిన రోగులు స్త్రీలే. ఇప్పుడు ఇంగ్లండ్ మొత్తానికి స్త్రీలకు అత్యున్నత భద్రత ఉన్న విభాగం ఒక్కటే, నాటింగ్‌హామ్‌షైర్‌లోని రాంప్టన్‌లో.

వీటన్నిటినీ చూసే సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్. చాలాసార్లు చెప్పకుండా వస్తుంది. అయిదు ప్రశ్నలు వేసుకుంటుంది: ఇక్కడ భద్రత ఉందా, వైద్యం పనిచేస్తోందా, దయగా చూస్తున్నారా, రోగి అవసరానికి స్పందిస్తున్నారా, నడిపేవాళ్లు సరిగా నడుపుతున్నారా. చివరికి నాలుగు మెట్ల రేటింగు ఇస్తుంది. నిర్బంధంలో ఉన్న రోగులతో చాటుగా మాట్లాడటానికి వేరే సమీక్షకులు కూడా వెళ్తారు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

2022 సెప్టెంబరు 28న బీబీసీ 'పనోరమా' కార్యక్రమం చూసినవాళ్లకు నిద్ర పట్టలేదు. మాంచెస్టర్ దగ్గర ప్రెస్ట్‌విచ్‌లో ఎడెన్‌ఫీల్డ్ సెంటర్ అనే సెక్యూర్ ఆసుపత్రి. ఒక విలేకరి సహాయకుడి ఉద్యోగంలో చేరి, మూడు నెలలు రహస్య కెమెరాతో పనిచేశాడు. రోగులను సిబ్బంది తిట్టడం, వెక్కిరించడం, అవసరం లేకుండా అదిమిపట్టడం, ఒంటరి గదుల్లో సుదీర్ఘంగా ఉంచడం, చూడకుండానే రోగిని చూసినట్టు రికార్డులో రాయడం అందులో కనిపించాయి. బాధితుల్లో స్త్రీలున్నారు. ఆ ఆసుపత్రిని నడిపే ట్రస్టుకు అప్పటికి ఉన్న రేటింగు 'గుడ్'. ప్రసారం తర్వాత అది అట్టడుగు మెట్టు 'ఇనాడిక్వేట్' దాకా జారింది. 2024 జనవరిలో ప్రొఫెసర్ ఆలివర్ షాన్లీ స్వతంత్ర సమీక్ష వచ్చింది. రోగుల మాట, కుటుంబాల మాట, చివరికి కింది సిబ్బంది మాట కూడా పైవాళ్లు వినలేదని, సంస్థ పేరు, విస్తరణ మీద ఉన్న దృష్టి వైద్యం మీద లేదని అది చెప్పింది.

1887లో పది రోజుల విలేకరి, 2022లో మూడు నెలల విలేకరి. మధ్యలో ఎన్ని చట్టాలు, ఎన్ని కమిషన్లు వచ్చాయో! అయినా నిజం బయటికి రావడానికి మారువేషమే కావాల్సి వచ్చింది. తనిఖీ అధికారులు చేతగానివాళ్లని కాదు. రెండు రోజులు వచ్చిపోయే మనిషికి రోగి మనసు విప్పదు. విప్పితే అధికారి వెళ్లాక ఆ వార్డులోనే, ఆ సిస్టర్ల చేతుల్లోనే ఉండాల్సింది ఆమె. ఆమెకు ఆ భయం ఉన్నంతకాలం ఏ రేటింగునూ నేను పూర్తిగా నమ్మలేను.

> చట్టం ఇచ్చినవి
>
> మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018లో అమల్లోకి వచ్చింది. అందులో కొన్ని:
>
> ◆ బలవంతంగా గుండు కొట్టించకూడదు. కావాలంటే సొంత బట్టలు కట్టుకోవచ్చు. నెలసరి రోజుల్లో కావాల్సినవి ఆసుపత్రే ఇవ్వాలి.
>
> ◆ గొలుసులతో కట్టడం నిషేధం. ఒంటరిగా గదిలో బంధించడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయకూడదు. జబ్బుకు చికిత్స పేరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయకూడదు.
>
> ◆ మూడేళ్ల లోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదు.
>
> ◆ తన నిర్ణయం తాను తీసుకోలేని స్థితిలో స్త్రీని చేర్చుకుంటే మూడు రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలపాలి. మగవారి విషయంలో ఈ గడువు ఏడు రోజులు.
>
> ◆ ఇల్లు లేదనో, ఇంటివాళ్లు రానివ్వడం లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు.

దువ్వెన, పేరు, తలుపు గడియ

నెల్లీ బ్లై రాసిన ఒక చిన్న వివరం ఏ నివేదికకూ తీసిపోదు. ఆమె హాల్లో 45 మంది స్త్రీలు, వాళ్లందరికీ ఆరు దువ్వెనలు. చిక్కుపడ్డ తడి జుట్టును లాగి దువ్వేవారట. మన దగ్గర దువ్వెనతో పనే లేకుండా చేశారు. పేలు పడతాయని, దువ్వే మనిషి లేదని ఆడవాళ్లకు గుండు కొట్టించేవారు. పార్లమెంటు చేసిన చట్టంలో గుండు ప్రస్తావన ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడానికి ఇది చాలు. జడ వేసుకునే వయసు నుంచి జుట్టుతో పెరిగిన మనిషికి అద్దంలో తన ముఖం తనకే తెలియకుండా చేయడం అది. అసలు చాలా వార్డుల్లో అద్దమే ఉండదు.

అందుకే మహిళా వార్డుకు వెళ్లినవాళ్లు సూపరింటెండెంట్ గది కంటే ముందు స్నానాల గది చూడాలి. తలుపుందా? గడియ ఉందా? ప్రాణాలు తీసుకునే ప్రమాదం ఉందని లోపలి గడియ తీసేసిన చోట, అవసరమైతే బయట నుంచి సిబ్బంది తెరవగలిగే గడియ పెట్టారా, లేక తలుపే పీకేశారా? ప్రమాదం పేరు చెప్పి చాటు మొత్తాన్నీ తీసేయడం సులువు. రెండూ కాపాడాలంటే డబ్బు, ఓపిక, ఆలోచన కావాలి.

తర్వాత బట్టల బీరువా. ఉతికి వచ్చిన నైటీల కుప్పలో ఎవరి చేతికి ఏది దొరికితే అది తొడుక్కుంటున్నారా, ఎవరి బట్ట వారికుందా? ఒంటికి సరిపోని, గుండీలు ఊడిన నైటీలో తిరిగే మనిషి చుట్టం వచ్చినా ఎదురు రావడానికి జంకుతుంది. నెలసరికి ప్యాడ్ కావాలంటే ఎవరిని అడగాలి, ఎంతసేపట్లో ఇస్తారు, అక్కడ మగ అటెండర్ ఉన్నాడా? నేనైతే ఈ ఒక్క ప్రశ్నతోనే సగం వార్డు తెలుసుకోవచ్చంటాను.

పిలుపు కూడా వినాలి. మీ బామ్మను ఎవరైనా ఏమే అని పిలిస్తే ఊరుకుంటారా? వార్డులో అరవయ్యేళ్ల ఆమెను పాతికేళ్ల సిబ్బంది పేరు పెట్టి అమ్మా అని పిలుస్తున్నారా, మంచం నంబరుతో పిలుస్తున్నారా అన్నది అయిదు నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది. ఏ ఫారంలోనూ ఈ గడి ఉండదు.

కట్టేసిన గంటలు

ప్రతి ఆసుపత్రిలోనూ రోగిని కట్టడి చేసిన ప్రతిసారీ రాయాలి. ఇక మరే దారీ లేక, వెంటనే ప్రమాదం జరుగుతుందన్నప్పుడే, అదీ మానసిక వైద్యుడి అనుమతితోనే కట్టడి చేయాలని మన చట్టం చెబుతోంది. శిక్షగా చేయకూడదు. సిబ్బంది తక్కువున్నారన్న సాకుతోనూ చేయకూడదు. ఇరవై నాలుగు గంటల్లో ఆమె తరఫు ప్రతినిధికి తెలపాలి. నెలనెలా ఆ వివరాలు సమీక్ష బోర్డుకు పంపాలి.

ఆ రిజిస్టరులో కారణం అనే గడి చూడండి. రోగి దూకుడుగా ఉంది అని ఒక్క ముక్క రాసేస్తే ఏమీ తెలియదు. అంతకు ముందు ఏం జరిగింది? ఇంటికి ఫోను చేస్తానంటే ఒప్పుకోలేదా? అన్నం చల్లారిందని అడిగిందా? ఎంతసేపు మాట్లాడి చూశారు? ఎప్పుడు విప్పారు? ప్రతి పేజీలోనూ ఒకే చేతిరాత, ఒకే వాక్యం, గుండ్రని గంటలు కనిపిస్తే అవి తర్వాత కూర్చుని నింపిన పేజీలు కావొచ్చని అనుమానించాలి. ఆదివారాల్లో, రాత్రి డ్యూటీల్లో కట్టడి ఎక్కువ జరిగిందా? అప్పుడు లోపం రోగిలో వెతకకూడదు, డ్యూటీ చార్టులో వెతకాలి.

అగ్నిప్రమాదం మాట కూడా ఇక్కడే రావాలి. ఒక్కో గది తలుపుకూ విడిగా తాళం వేసి ఉంచితే మంటలు లేస్తే ఏం చేస్తారని నెల్లీ బ్లై ఆ దీవిలో డాక్టర్లను నిలదీసింది. ఆ ప్రశ్నకు మన దగ్గర 2001 ఆగస్టు 6న జవాబు దొరికింది. తమిళనాడు ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో తెల్లవారుజామున మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉన్న రోగులు కదల్లేకపోయారు. 28 మంది చనిపోయారు.

సిస్టర్లను కూడా అడగాలి

తాళంచెవి పట్టుకున్న నర్సును విలన్‌ను చేస్తే సరిపోతుందనుకోవడం తప్పు. అరవై మంది ఉన్న వార్డుకు రాత్రి ఒక సిస్టర్, ఒక ఆయా ఉంటే వాళ్లకు తెలిసిన ఆయుధం గొంతూ, సూదీ. వాళ్లకూ దెబ్బలు తగులుతాయి. జుట్టు పట్టుకుని లాగినా, మీద ఉమ్మినా మర్నాడు అదే మనిషికి అన్నం తినిపించాలి. దాని గురించి మాట్లాడుకునే చోటు ఉండదు. ఎడెన్‌ఫీల్డ్ సమీక్షలోనూ ఇదే తేలింది. తప్పు జరుగుతోందని చెప్పాలనుకున్న సిబ్బందికి చెప్పుకునే ధైర్యం లేదు.

> మెత్తని మాటతో తగ్గిన కట్టడి
>
> ఇంగ్లండ్‌లో ప్రొఫెసర్ లెన్ బవర్స్ బృందం 'సేఫ్‌వార్డ్స్' అనే పద్ధతిని 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో పరీక్షించింది. ఖరీదైన పరికరాలేమీ లేవు. కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా చెప్పాలి, చెడు కబురు వచ్చిన రోగి పక్కన ఎవరుండాలి, సిబ్బంది తమ ఇష్టాయిష్టాలు రోగులకు చెప్పుకోవడం, ఇంటికి వెళ్తున్నవాళ్లు ఉన్నవాళ్లకు ధైర్యం మాట రాసి గోడకు అంటించడం వంటి పది పనులు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గొడవలు 15 శాతం, కట్టడి చర్యలు 26.4 శాతం తగ్గాయి.

నయమైంది, మరి వెళ్లేదెక్కడికి?

ఆసుపత్రి నాణ్యతకు అన్నిటికంటే గట్టి కొలత ఎంతమంది బయటికి వెళ్లారన్నదే. వెళ్లి మళ్లీ కాలు నిలదొక్కుకున్నారా అన్నది దాని తర్వాతి కొలత. 24 రాష్ట్రాల్లోని 43 ప్రభుత్వ మానసిక ఆసుపత్రులను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో ఏడాదికి పైగా అక్కడే ఉండిపోయినవారు 4,935 మంది అని తేలింది. అంటే ఉన్న రోగుల్లో మూడో వంతుకు పైగా. వీళ్లలో చాలామందికి కావాల్సింది మంచం కాదు, ఇల్లు.

చెన్నైలో 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు రోడ్డున పడ్డ మానసిక రోగిణుల కోసం 'ద బన్యన్' స్థాపించారు. మొదట ఆశ్రయం. తర్వాత వాళ్లకే అర్థమైంది, ఎంత మంచిదైనా ఆశ్రయం ఆశ్రయమే అని. 'హోమ్ ఎగైన్' పేరుతో మామూలు వీధుల్లో మామూలు అద్దె ఇళ్లు తీసుకున్నారు. నలుగురైదుగురు స్త్రీలు కలిసి ఉంటారు. కూరగాయలు తెచ్చుకుంటారు, పక్కింటి పేరంటానికి వెళ్తారు, పోట్లాడుకుంటారు కూడా. సాయానికి ఒక మనిషి ఉంటుంది. ఏళ్ల తరబడి వార్డులో గడిపిన ఆమె ఆ పూటకు సాంబారు పెట్టాలా, చారు పెట్టాలా అని తానే తేల్చుకుంటుంది. వార్డులో ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

సుప్రీంకోర్టు కూడా నయమైనవాళ్ల కోసం ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మజిలీగా 'హాఫ్‌వే' ఇళ్లు పెట్టమని రాష్ట్రాలను పదేపదే అడిగింది. 2021లో ఒక రాష్ట్రం ఇలాంటివారిని బిచ్చగాళ్ల ఆశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు తరలించిందని తెలిసి మందలించింది. తరలిస్తే ఆసుపత్రి లెక్కలో డిశ్చార్జి అంకె పెరుగుతుంది. ఆమె బతుకులో ఒక తాళం పోయి ఇంకో తాళం వస్తుంది. అంకెను మెచ్చుకునే ముందు చిరునామా అడగాలని ఇందుకే అంటున్నాను.

బోర్డులో ఆ రెండు కుర్చీలు

చట్టం ప్రకారం మానసిక ఆసుపత్రులకు మూడేళ్లకోసారి ఆడిట్ జరగాలి. అందులో స్థానిక ప్రజల ప్రతినిధులూ ఉండొచ్చు. రోగికి తన చికిత్స రికార్డు చూసే హక్కుంది, ఫోను చేసుకునే హక్కుంది, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఆసుపత్రి మీద సమీక్ష బోర్డుకు ఫిర్యాదు చేసే హక్కూ ఉంది. ఇవన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో మహిళా వార్డు గోడ మీద రాసి ఉన్నాయా? బోర్డు ఫోను నంబరు ఉందా? ఆ నంబరుకు వార్డు నుంచి ఎవరూ పక్కన నిలబడకుండా మాట్లాడే వీలుందా? మీ ఇంటి మనిషో, ఎరిగిన మనిషో లోపల ఉంటే వెళ్లినప్పుడు ఇవి చూడండి. ఆమె చేతులు, మోచేతులు చూడండి. ఏం తిన్నావని కాకుండా, ఎవరంటే భయమని అడగండి. అలా అడిగేటప్పుడు సిబ్బందిని కాస్త దూరంగా ఉండమని కోరవచ్చు.

సమీక్ష బోర్డుకు జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షత వహిస్తారు. కలెక్టర్ ప్రతినిధి, ఒక మానసిక వైద్యుడు, ఇంకో వైద్యుడు ఉంటారు. మిగిలిన రెండు స్థానాలు మానసిక వ్యాధి అనుభవించినవారికో, వారిని చూసుకుంటున్నవారికో, ఈ రంగంలోని స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులకో దక్కాలి. ఆ రెండింటిలో ఒకటి మూసిన మహిళా వార్డులో రోగిగా రాత్రులు గడిపి బయటపడ్డ స్త్రీకి ఇవ్వాలి. ఉప్పు పీపా ఎప్పుడు తెచ్చి పెట్టారో, స్నానాల గది గడియ నిన్న బిగించిందా, నిరుడు బిగించిందా అన్నది జడ్జి కంటే, డాక్టర్ కంటే ముందు ఆమె పసిగడుతుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ బోర్డుల్లో సభ్యులను నియమించేటప్పుడు ఆమె పేరు రాస్తే చాలు.